15, 17, 11: బాబాయ్ పడవకి ప్రొపెల్లర్ కథ

ఫ్రెండ్స్, ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఈ వ్యాసంలోని పడవని నేను ఇంతవరకూ ఎక్కలేదు, వీడియో కాల్‌లో చూశాను అంతే. అయినా దానికి ఏ ప్రొపెల్లర్ కొనాలో సలహా ఇచ్చింది నేనే. మొదటిసారి తప్పు చెప్పాను. ఆ తప్పు ఖరీదు 140 డాలర్లు, కట్టింది మా బాబాయ్. రెండోసారి కరెక్ట్‌గా చెప్పాను. ఈ టాపిక్ మీద రాస్తానని క్లబ్ మీటింగ్‌లో అంటే "మనలో ఎవడికిరా పడవ ఉంది?" అని నవ్వారు. ఎవడికీ లేదు, నిజమే. కానీ ఒక చిన్న ఫార్ములాని సగం అర్థం చేసుకుని, పైథాన్‌లో పెట్టేసి, వచ్చిన ఆన్సర్‌ని నమ్మేసే అలవాటు మాత్రం మనందరికీ ఉంది కదా. అందుకే రాస్తున్నా.

మా బాబాయ్ డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఊరికి ఉత్తరాన లూయిస్‌విల్ లేక్ అని పెద్ద రిజర్వాయర్ ఉంది. రెండేళ్ల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ పాంటూన్ బోట్ కొన్నాడు. 22 అడుగుల పొడవు, 90 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజిన్. పాంటూన్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం: రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, వాటిమీద ఒక బల్లపరుపు నేల, చుట్టూ రెయిలింగ్, మధ్యలో సోఫాలు, పైన గుడ్డ పందిరి. వెనకాల ఇంజిన్. నీటి మీద తేలే డ్రాయింగ్ రూమ్ అనుకోండి. మాది కోనసీమ కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చింది సఖినేటిపల్లి రేవులో నర్సాపురం దాటించే పంటు. దానిమీద బైకులు, కార్లు ఎక్కుతాయి, దీనిమీద పిన్ని తెచ్చిన పులిహోర డబ్బాలు ఎక్కుతాయి. అంతే తేడా అని నేనన్నాను, బాబాయ్‌కి నచ్చలేదు.

ఈ రకం పడవ పుట్టింది 1950ల మొదట్లో, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో. ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనప డ్రమ్ములని వరసగా వెల్డింగ్ చేసి, అలాంటివి రెండు వరసలు పెట్టి, పైన చెక్క బల్ల వేశాడు. సరస్సు మీద తిరగడానికి ఒరిగిపోని పడవ కావాలి, అది అతని లెక్క. అందుకే పాంటూన్ ఇప్పటికీ స్థిరత్వానికి పుట్టింది, స్పీడ్‌కి పుట్టలేదు. ప్రొపెల్లర్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మర్చిపోతే నాలాగే అవుతుంది.

ఇప్పుడు అసలు సమస్య. పోయిన వేసవిలో నానమ్మ డల్లాస్ వెళ్లింది. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లతో కలిపి పదిమంది, పడవెక్కారు. పడవ మీద ఉన్న రేకు ప్రకారం పదకొండుమంది దాకా ఎక్కొచ్చు, కాబట్టి అందులో తప్పేం లేదు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. తర్వాత పడమటి వైపు మబ్బు పట్టింది. టెక్సాస్‌లో వేసవి మబ్బు అంటే చూస్తుండగానే గాలి, ఉరుములు. అందరూ ఒడ్డుకి తిరిగారు. బాబాయ్ థ్రాటిల్ మొత్తం నెట్టేశాడు. ఇంజిన్ మూలుగుతోంది గానీ పడవ జోరందుకోవట్లేదు. పడవ ముక్కు పైకి లేచి, వెనక భాగం నీళ్లలో కూర్చున్నట్టు ఉండి, చాలాసేపటికి గానీ వేగం రాలేదట. ఎదురుగాలికి పైన పందిరి ఒకటి, తెరచాప లాగా. అందరూ తడిసిపోయి, పిల్లలు ఏడుస్తుండగా, ఉరుముల మధ్య ఒడ్డుకి చేరారు. నానమ్మ దిగుతూ ఒకటే మాట అంది: "ఒరేయ్, మన నర్సాపురం పంటు నయం కదరా."

నవ్వుకున్నాం గానీ, మెరుపులు పడుతుంటే చుట్టూ అల్యూమినియం ఉన్న పడవలో లేక్ మధ్యన ఉండటం నవ్వులాట కాదు. బాబాయ్ మర్నాడే ఒక షాపుకి తీసుకెళ్లాడు. వాళ్లు ఐదు నిమిషాలు చూసి, "ఇంజిన్ సరిపోదు, 115 హెచ్‌పీ వేయించుకోండి" అన్నారు. అంటే చాలా వేల డాలర్లు. ప్రొపెల్లర్ మీద ఏం నంబరుందో కూడా వాళ్లు చూడలేదు. ఆ రాత్రి బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "నువ్వు ఇంజినీరింగ్ కదరా, కాస్త చూడు." నేను కంప్యూటర్ సైన్స్ బాబాయ్ అన్నాను. "ఇంజినీరింగే కదా" అన్నాడు. మన ఇళ్లల్లో ఈ సంభాషణ అందరికీ జరిగే ఉంటుంది.

ప్రొపెల్లర్ మీద రెండు నంబర్లు ఉంటాయి. బాబాయ్ దాని మీద 13¾ × 15 అని ఉంది. రెండూ అంగుళాలే. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొసలు తిరుగుతూ గీసే వృత్తం ఎంత వెడల్పో. రెండోది పిచ్. పిచ్ అంటే ఒక్క చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ ఎంత ముందుకి పోవాలో ఆ దూరం, జారకుండా పోతే. మన ఇళ్లల్లో మర తిప్పే జంతికల గొట్టం ఉంటుంది చూడండి, పైన పిడి ఒక చుట్టు తిప్పితే లోపలి బిళ్ల ఇంత కిందకి దిగుతుంది, అంత పిండి బయటికొస్తుంది. మర దగ్గర దగ్గరగా ఉంటే తిప్పడం తేలిక, కానీ చాలా చుట్లు తిప్పాలి. దూరం దూరంగా ఉంటే రెండు చుట్లకే జంతిక పడిపోతుంది, కానీ చెయ్యి నొప్పెడుతుంది. పిచ్ కథ మొత్తం అంతే. ఇక్కడ చెయ్యి బదులు ఇంజిన్.

అసలు ప్రొపెల్లర్ పుట్టుకే మర నుంచి. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అని ఇంగ్లండ్‌లో ఒకాయన, ఆయనా రైతే, 1836లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన ప్రొపెల్లర్ అచ్చంగా చెక్కతో చేసిన పొడవాటి మరలాగే ఉండేది. 1837లో కాలువలో నడిపి చూస్తుండగా దేనికో తగిలి సగం విరిగిపోయింది. విరిగాక పడవ ఇంకా జోరుగా పోయింది! మనకి బగ్ వల్ల ప్రోగ్రామ్ ఫాస్ట్ అయిన రోజులు గుర్తు చేసుకోండి.

సరే, నా లెక్క. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో (ఆర్‌పీఎం) తెలుసు, చుట్టుకి 15 అంగుళాలు తెలుసు. గుణిస్తే నిమిషానికి అంగుళాలు. ఒక మైలుకి 63,360 అంగుళాలు, గంటకి 60 నిమిషాలు, కాబట్టి 1056తో భాగిస్తే గంటకి మైళ్లు వస్తాయి. బాబాయ్‌ని పదిమందిని ఎక్కించుకుని ఫుల్ థ్రాటిల్‌లో చూడమన్నాను. టాకోమీటర్ 4600, ఫోన్ జీపీఎస్‌లో 22 మైళ్లు. నా లెక్కలో 65 మైళ్లు రావాలి. వస్తున్నది 22. అంటే 66 శాతం జారుడు. ప్రొపెల్లర్ నీళ్లని పట్టుకోవట్లేదు, ఊరికే చిలుకుతోంది అని తీర్మానించేశాను. పిచ్ పెంచితే ఫార్ములాలో స్పీడ్ పెరుగుతోంది కాబట్టి 17 వేయించు అని చెప్పాను. పూర్తి నమ్మకంతో చెప్పాను. నా ప్రోగ్రామ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు మరి.

అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి చిన్నది. ఇంజిన్ తిరిగినంత వేగంగా ప్రొపెల్లర్ తిరగదు. కింద గేర్‌కేస్‌లో పళ్లచక్రాలు వేగాన్ని తగ్గిస్తాయి. బాబాయ్ ఇంజిన్‌కి ఆ గేర్ రేషియో 2.07. అంటే ఇంజిన్ 2.07 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు. దానితో కూడా భాగిస్తే రావాల్సిన వేగం 31.6 మైళ్లు, జారుడు 30 శాతం. బరువెక్కిన పాంటూన్‌కి ఇది ఎక్కువే గానీ వింత కాదు. కొంచెం జారుడు ఉండాలి కూడా, నీళ్లు చెక్క కాదు కదా, వెనక్కి తోస్తేనే మనం ముందుకి పోతాం.

రెండో తప్పు పెద్దది. ఫార్ములాలో ఆర్‌పీఎం, పిచ్ రెండూ వేరే వేరే ఇన్‌పుట్లు అనుకున్నాను. కావు. పిచ్ మారిస్తే ఆర్‌పీఎం కూడా మారుతుంది. పిచ్ ఒక అంగుళం పెంచితే ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 పడిపోతుంది. తగ్గిస్తే అంతే పెరుగుతుంది. బాబాయ్ పాపం 140 డాలర్లు పెట్టి 17 కొని బిగించాడు. పదిమందితో 4250కి పడిపోయింది, స్పీడ్ 21 అయింది. ఇంజిన్ మూలుగు ఇంకా పెరిగింది.

అసలు చూడాల్సిన నంబర్ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది: ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ ఎంత నుంచి ఎంత మధ్య తిరగాలి అని. బాబాయ్ ఇంజిన్‌కి 5000 నుంచి 6000. ఇంజిన్‌కి రాసిన 90 హెచ్‌పీ ఆ రేంజ్‌లో తిరిగినప్పుడే వస్తుంది. 4600 దగ్గర ఆగిపోతే 90కి డబ్బులిచ్చి అంతకంటే తక్కువ వాడుకుంటున్నట్టు. అంతకంటే ముఖ్యం, ఇంజిన్ ఆరోగ్యం. ముగ్గురు ఎక్కిన బైక్‌ని అన్నవరం కొండ రోడ్డు మీద నాలుగో గేర్‌లో ఎక్కించండి. ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినా కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది. మీరైతే గేర్ తగ్గిస్తారు. పడవకి గేర్లు మార్చడం ఉండదు. ముందుకి, న్యూట్రల్, వెనక్కి, అంతే. ప్రొపెల్లర్ మార్చడమే గేర్ మార్చడం. పెద్ద పిచ్ అంటే టాప్ గేర్, చిన్న పిచ్ అంటే కింది గేర్. బాబాయ్ కొండ రోడ్డు మీద నాలుగులో పోతుంటే నేను ఐదు వేయమన్నాను.

దీనికి ఉల్టా ప్రమాదం కూడా ఉంది. పిచ్ మరీ తగ్గిస్తే ఖాళీ పడవలో ఇంజిన్ 6000 దాటి పోతుంది. కొత్త ఇంజిన్లలో లిమిటర్ అడ్డుకుంటుంది గానీ, రోజూ దానికి తగిలేలా నడపడం మంచిది కాదు. కాబట్టి లెక్క రెండు చివరలా సరిపోవాలి: నిండా జనం ఉన్నప్పుడు 5000 దాటాలి, ఇద్దరే ఉన్నప్పుడు 6000 దాటకూడదు.

పాత 15తో ఇద్దరే ఉన్నప్పుడు 5150, స్పీడ్ 27. పదిమందితో 4600. ఈ తేడా చూడండి, 550. మామూలు పడవలో ఇంత తేడా ఉండకపోవచ్చు. పాంటూన్‌లో బరువు పెరిగేకొద్దీ గొట్టాలు ఇంకా లోతుకి మునుగుతాయి, నీటిని రాసుకునే భాగం పెరుగుతుంది, లాగుడు పెరుగుతుంది. స్పీడ్ బోట్ లాగా నీటి మీదకి లేచి జారిపోవడం దీనికి అంతగా రాదు. మూడు గొట్టాలుంటే, లేదా గొట్టాలకి అడుగున రెక్కల్లాంటి పట్టీలు వెల్డ్ చేసి ఉంటే కొంచెం లేస్తుంది. అందుకే రెండు గొట్టాల పాంటూన్‌కి చిన్న పిచ్, కాస్త పెద్ద వ్యాసం నప్పుతాయి. వ్యాసం పెద్దదైతే ఎక్కువ నీటిని పట్టుకుని తోస్తుంది, బరువు లాగడానికి అది కావాలి. అయితే గేర్‌కేస్ పైన ఉండే అడ్డపలకకి తగలకుండా ఎంత పడుతుందో అంతే.

షాపులో దొరికినవి 13, 11. అంగుళానికి 175 వేసుకుని చూశాం. 13 అయితే నిండుగా 4950, ఖాళీగా 5500. 11 అయితే నిండుగా 5300, ఖాళీగా 5850. ఎవరైనా ఒక్కడే చేపలు పట్టుకోడానికి వెళ్తాడంటే నేను 13 అనేవాణ్ణి. మా బాబాయ్ ప్రతి ఆదివారం సగం కాలనీని ఎక్కిస్తాడు. కాబట్టి 11. ఈసారి చెప్పేముందు మూడుసార్లు చూసుకున్నాను, మెకానికల్ బ్రాంచ్ రూమ్‌మేట్‌కి కూడా చూపించాను. వాడు లెక్క చూడకుండానే "పిచ్ తగ్గించాలి కదా, ఇంత సేపెందుకు" అన్నాడు. వాడిని ముందే అడగాల్సింది.

14 × 11, మూడు రెక్కల అల్యూమినియం కొన్నాడు. ఫలితం: పదిమందితో 5250, ఇద్దరితో 5800. ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. నిండా జనంతో టాప్ స్పీడ్ అదే 22, ఏం పెరగలేదు. ఖాళీ పడవ స్పీడ్ 27 నుంచి 25కి తగ్గింది కూడా. మారింది వేరే. థ్రాటిల్ నెట్టగానే పడవ కదులుతోంది, వెనక్కి కూర్చోవట్లేదు, మూలుగు పోయింది, ఎదురుగాలిలో తిప్పితే మాట వింటోంది. ఆ రోజు మబ్బు కింద కావాల్సింది ఇదే. కొత్త ఇంజిన్ మాట మళ్లీ రాలేదు.

నాలుగు రెక్కలది ఎందుకు కొనలేదు అని మీకు డౌట్ రావొచ్చు. నాలుగు రెక్కలు నీటిని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి, నెమ్మదిగా పోయేటప్పుడు, రేవులో కట్టేటప్పుడు కంట్రోల్ బాగుంటుంది, వణుకు తక్కువ. కానీ అదే పిచ్‌లో ఆర్‌పీఎం కొంచెం తగ్గిస్తాయి, టాప్ స్పీడ్ కాస్త పోతుంది, ధర ఎక్కువ. పాంటూన్‌కి చాలామంది అదే బెస్ట్ అంటారు, నేను కాదనను. మాకు ఒకసారి 140 డాలర్లు తగలేశాక చవకది చాలనిపించింది. స్టీల్ ప్రొపెల్లర్ విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం. స్టెయిన్‌లెస్ స్టీల్ గట్టిగా ఉంటుంది, రెక్కలు పల్చగా చేయొచ్చు, వంగదు, స్పీడ్ బోట్లకి బ్రహ్మాండం. ధర అల్యూమినియంకి మూడు నాలుగు రెట్లు. 25 మైళ్లు పోయే పడవకి ఆ తేడా దాదాపు తెలీదు. పైగా రిజర్వాయర్లలో నీటిమట్టం తగ్గితే మోడులు, రాళ్లు పైకొస్తాయి. వాటికి తగిలితే అల్యూమినియం రెక్క తను వంగి, విరిగి, గేర్లని కాపాడే అవకాశం ఎక్కువ. స్టీల్ రెక్క వంగదు, ఆ దెబ్బ లోపలికి పోతుంది. మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది, అది కొంత ఆపుతుంది గానీ అంతా ఆపలేదు.

ఆ బుష్ గురించి ఇంకో మాట. ఒకవేళ మీ పడవలో (సరే, మీ బాబాయ్ పడవలో) ఆర్‌పీఎం తక్కువ కాకుండా ఉన్నట్టుండి పైకి ఎగిరి, వేగం మాత్రం పడిపోతుంటే, అది పిచ్ సమస్య కాకపోవచ్చు. బుష్ ఊడి ప్రొపెల్లర్ లోపల జారుతుండొచ్చు. బుష్ మీద, ప్రొపెల్లర్ మీద కలిపి ఒక గీత గీసి, నడిపి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే దొంగ దొరికినట్టే. మలుపుల్లో మాత్రమే ఇంజిన్ అరుస్తుంటే గాలి పీలుస్తోందని అర్థం. పాంటూన్‌లో ఇంజిన్ రెండు గొట్టాల మధ్య వేలాడుతుంది, అక్కడ నీళ్లలో బుడగలు ఎక్కువ. ఇంజిన్ మరీ పైకి బిగించి ఉంటే నీళ్ల బదులు గాలి దొరుకుతుంది. అప్పుడు ప్రొపెల్లర్ కాదు, ఇంజిన్ ఎత్తు మార్చాలి.

కొలిచేటప్పుడు మేం చేసిన పద్ధతి చెప్తాను. గాలి లేని ఉదయం, ట్యాంక్ నిండా పెట్రోల్, మామూలుగా ఎంతమంది వస్తారో అంతమంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపి జీపీఎస్ స్పీడ్ సగటు తీసుకోవాలి. పడవలోని స్పీడోమీటర్‌ని నమ్మొద్దు. గొట్టాలకి అడుగున నాచు పట్టి ఉన్నా, చిల్లు పడి లోపల నీళ్లు చేరినా ఏ ప్రొపెల్లర్ వేసినా లాభం లేదు, కాబట్టి ముందు అది చూసుకోవాలి. కొండ ప్రాంతపు సరస్సుల్లో గాలి పల్చన, ఇంజిన్ బలం తగ్గుతుంది, కాబట్టి పిచ్ ఇంకా తగ్గించాలి. డల్లాస్‌లో ఆ గొడవ లేదు.

మార్చడం అరగంట పని. తాళం తీసేసి జేబులో పెట్టుకోవాలి, గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. రెక్కకీ పైనున్న అడ్డపలకకీ మధ్య చెక్కముక్క పెడితే తిరగకుండా ఆగుతుంది, అప్పుడు నట్టు ఊడదీయాలి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసుకోండి, బాబాయ్ తీసుకోలేదు, ఒకటి మిగిలిపోయింది, మళ్లీ విప్పాడు. షాఫ్ట్‌కి చేపల గేలం దారం చుట్టుకుని ఉందేమో చూడాలి, అది లోపలి సీల్‌ని కోసేస్తుంది, తర్వాత గేర్ ఆయిల్‌లోకి నీళ్లు. గ్రీజు రాసి, మాన్యువల్ చెప్పినంత గట్టిగా బిగించాలి. ఇక పడవ ఆగినప్పుడు పిల్లలు వెనక నిచ్చెన మీంచి నీళ్లలోకి దిగుతారు, ప్రొపెల్లర్ సరిగ్గా ఆ పక్కనే ఉంటుంది. ఒక్కళ్లు నీళ్లలో ఉన్నా ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. న్యూట్రల్ చాలదు. ఈ విషయంలో మా పిన్ని చాలా స్ట్రిక్ట్, తాళం ఆవిడ చేతికి ఇచ్చాకే ఎవరైనా దిగాలి.

నానమ్మ ఇండియా వచ్చేముందు ఇంకోసారి పడవెక్కింది. రావడానికి ముందు ఒప్పుకోలేదట, మబ్బు లేదని రెండుసార్లు ఆకాశం చూసి ఎక్కిందట. మొన్న సెలవులకి ఇంటికెళ్తే నాతో అంది, "ఈసారి బాగానే పోయిందిరా, ఏదో చక్రం మార్చాడంట కదా." ఆ చక్రం చెప్పింది నేనే నానమ్మా అన్నాను. "మరి గ్యారేజీలో మేకుకి వేలాడేది ఎవరు చెప్పింది?" అంది.

ఆ 17 ఇంకా అక్కడే ఉంది. సగం ధరకైనా అమ్మేయమంటే బాబాయ్ అమ్మట్లేదు, వీడియో కాల్ చేసినప్పుడల్లా వెనక కనపడేలా కూర్చుంటాడు.